చిన్నాన్న ఓటు

"నీ పొలం మంచిదా, చెడ్డదా?" అని కోర్టులో ఆ ప్లీడరు అడిగిన ప్రశ్నకి సరైన జవాబేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

అది ముసలిరాజు గద్దె మీద ఉన్న చివరి ఏడాది, అక్టోబరు నెల. బాలినార్డ్ కోర్టులో ఓటర్ల పేర్లు నమోదు చేస్తున్నారని తెలిసి ఫాదర్ మలార్కీ మా క్లూనాగ్ ఊరికి వచ్చారు. కౌలు పోను ఏడాదికి పది పౌన్లు మిగిలే పొలం ఉన్నవాడికి ఓటిస్తారు. మిగులుతాయని జడ్జి ముందు ప్రమాణం చేసి చెప్పుకోవాలి.

"వెళ్ళరా ఫెస్టస్, పేరు రాయించుకో" అన్నారు ఫాదర్. "ఓటు లేనివాడి గోడు లండన్‌లో ఎవడికి పట్టింది?"

మాది మూడు ప్రాణాల కౌలు. పత్రంలో రాసిన ముగ్గురిలో ఒక్కరు ఊపిరితో ఉన్నంతకాలం పొలం మా చేతుల్లోంచి పోదు. ముగ్గురిలో ఇద్దరు పోయారు. మూడో ప్రాణం మా పెద్దత్త సబీనా. అందుకే దొరగారి ఏజెంటు గెల్‌స్టన్ ఎప్పుడు ఎదురైనా ముందు అత్త దగ్గు ఎలా ఉందని అడిగేవాడు. "ఆయనకి నేనంటే ఎంత బెంగో" అనేది అత్త.

కోర్టు కిక్కిరిసి ఉంది. మా తరఫు ప్లీడరు నన్ను ఒక్కటే అడిగి కూర్చున్నాడు. పది పౌన్లు మిగులుతాయా అన్నాడు, మిగులుతాయన్నాను. దొర తరఫు ప్లీడరు లేచాడు. అతని చేతిలో ఒక ఉత్తరం ఉంది.

"ఫెస్టస్ కిల్‌కెల్లీ, ఇది నువ్వు రాసిందేనా?"

"రాసింది బడి మాస్టారండి. చెప్పింది నేను."

"'అయ్యా, నా పొలం సగం నీళ్ళలో నానుతోంది, గింజ రావడం లేదు, దయచేసి కౌలు తగ్గించండి.' ఇది నిజమా, అబద్ధమా?"

"నిజమేనండి."

"అయితే పది పౌన్లు మిగులుతాయన్నది అబద్ధం."

"అదీ నిజమేనండి."

జనం గొల్లుమన్నారు. ప్లీడరు నవ్వలేదు. "రెండూ ఎలా నిజమవుతాయయ్యా? నీ పొలం మంచిదా, చెడ్డదా?"

"ఉత్తరం మార్చిలో రాయించానండి. ఇది అక్టోబరు."

ఈసారి జడ్జిగారు కూడా నవ్వారు. తరవాత ఆయనే అడిగారు. "ఇదే పొలానికి ఇంకో రైతు వచ్చి, నువ్వు కట్టే కౌలు మీద పది పౌన్లు ఎక్కువ ఇస్తానంటాడా?"

"ఎందుకంటాడండి, వాడికేమన్నా పిచ్చా?"

ఆ మాటతో నా పేరు కొట్టేశారు.

ఎందుకు కొట్టేశారో బయటికొచ్చాక కూడా నా బుర్రకెక్కలేదు. నాకూ పక్క పొలం కోల్మన్ రువాన్‌కీ మధ్య అడ్డం ఒక్క కందకమే. నేలా అదే, నీళ్ళూ అవే. జూలైలో వచ్చిన వేరే జడ్జి అతన్ని, "తిన్నాక నీకేం మిగులుతుంది?" అని అడిగి ఓటు ఇచ్చి పంపాడు. ఈ జడ్జి నన్ను వేరే వాడెంత ఇస్తాడని అడిగాడు. చట్టం ఒకటే, ప్రశ్నలు రెండు. చట్టంలో ఏది రాసుందని మా ప్లీడరుని అడిగితే, "అదే కదయ్యా, డబ్లిన్‌లో పెద్ద జడ్జీలు కూడా దాని మీదే కొట్టుకుంటున్నారు" అన్నాడు.

వసారాలో గుమాస్తా నన్ను ఆపాడు. అతని ముందు లావుపాటి పుస్తకం ఉంది.

"క్లూనాగ్, ఫెస్టస్ కిల్‌కెల్లీ. నీ పేరు ముందే ఉందిగా. నాలుగేళ్ళ కిందటే ఎక్కింది. మళ్ళీ ఎందుకొచ్చావ్?"

"అది నేను కాదండి. మా చిన్నాన్న. ఆయన పేరే నాకు పెట్టారు. పోయి ఏడాదిన్నరయింది."

"పోయాడా?" గుమాస్తా కలం తీశాడు. పేజీ అటూ ఇటూ తిప్పాడు. మళ్ళీ కలం పెట్టేశాడు. "ఇందులో చావులు రాయడానికి గడి లేదయ్యా. పేరెక్కినప్పుడు ఇచ్చిన ఓటుకాగితం ఎనిమిదేళ్ళు చెల్లుతుంది. అప్పటిదాకా ఉంటాడు."

"పోయిన మనిషి ఎలా ఉంటాడండి?"

"ఇందులో ఉంటాడు" అని పుస్తకం మీద చెయ్యి వేశాడు.

ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ హొనోరా కడుపు పట్టుకుని నవ్వింది. అత్త నవ్వలేదు. లేచి తన పెట్టె తాళం ఒకసారి లాగి చూసుకుంది. చిన్నాన్న ఓటుకాగితం ఆయన జపమాలతో పాటు ఆ పెట్టెలోనే ఉంది.

*

మరుసటి ఏడాది వేసవిలో రాజుగారు పోయారు. పద్దెనిమిదేళ్ళ అమ్మాయి రాణి అయింది. దాంతో పార్లమెంటు రద్దయి ఎన్నికలు వచ్చిపడ్డాయి. దొరల తరఫున కర్నల్ పాక్‌స్టన్ నిలబడ్డాడు, మన తరఫున మిస్టర్ ట్యూట్.

ఎన్నికకి పది రోజులుందనగా గెల్‌స్టన్ మా వాకిట్లో గుర్రం దిగాడు. అత్త దగ్గు గురించి అడిగాడు. తరవాత నావైపు తిరిగి, "ఫెస్టస్, నీకు ఓటుంది" అన్నాడు.

"నాకా? మీ ప్లీడరేగా కొట్టేయించింది."

"కొట్టేసింది కొత్త అర్జీని. పాత కాగితం అలాగే ఉంది. దాని మీద పేరు ఫెస్టస్ కిల్‌కెల్లీ. ఊరు క్లూనాగ్. పొలం ఇదే. నీ పేరేంటి?"

"ఫెస్టస్ కిల్‌కెల్లీ."

"ఉండేదెక్కడ?"

"ఇక్కడే."

"మరింకేం?" అని గ్లవ్సు తొడుక్కున్నాడు. "బీడులో నల్లగడ్డలు కోసుకున్నారా ఈ ఏడు?"

అది బెదిరింపే, ఓటు కర్నల్‌కి వెయ్యకపోతే అని. బురదబీడులో కోసి ఎండబెట్టుకునే ఆ మట్టిగడ్డలే మా పొయ్యిలకి కట్టెలు. బీడు దొరగారిది. కోసుకోమనడం, వద్దనడం ఏజెంటు ఇష్టం. ఊరు ఊరంతా అప్పటికి కోసేసి కుప్పలు పెట్టుకుంది గానీ, ఇంటికి ఒక్కడూ తోలుకోలేదు.

"కోశామండి. ఎండుతున్నాయి."

"ఎండనీ" అని గుర్రమెక్కాడు.

మూడో రోజున ఫాదర్ మలార్కీ వచ్చారు. ఆయనా అదే మాట. "ఏరా, నీ పేరు పుస్తకంలో ఉందటగా. మన ప్లీడరు చూసొచ్చాడు."

"అది చిన్నాన్న పేరు ఫాదర్. ఓటెయ్యాలంటే కాగితంలో ఉన్న మనిషిని నేనే అని ప్రమాణం చెయ్యాలి. చెయ్యమంటారా?"

ఫాదర్ టోపీ తీసి తల గోక్కున్నారు. "పొలం అదే. పేరు అదే. వాదించుకోవచ్చు అంటున్నాడు ప్లీడరు."

"ప్లీడరు సంగతి కాదు, మీ సంగతి చెప్పండి. పాపమా, కాదా?"

ఆయన టోపీ మళ్ళీ పెట్టుకున్నారు. చివరికి, "ప్రమాణం చెయ్యమని నేను చెప్పను. పట్నం రావద్దనీ చెప్పను. అందరితో పాటు బయల్దేరు. దారిలో ఏదో ఒకటి తోస్తుంది" అన్నారు.

ఎవర్ని అడిగినా నా చిక్కు రెండింతలవుతోందే తప్ప విడటం లేదు. నేను కాదనుకుంటే పొలం నాదెలా అయింది? ఆయన పేరుతోనే కదా నాకు దక్కింది. నేనే అనుకుంటే, రెండేళ్ళ కిందట ఈస్టరుకి ముందు మేం పాతిపెట్టింది ఎవర్ని? బార్లీ చేలో కలుపు తీస్తూ ఇదే ఆలోచన. హొనోరా విసుక్కుంది. "నువ్వు నువ్వేనయ్యా బాబూ. ఆ కలుపు చూసి పీకు, బార్లీ పీకుతున్నావ్."

ఎన్నిక ముందురోజు మధ్యాహ్నం అత్తని పెట్టె తీయమన్నాను. కాగితం నా చేతిలో ఉంటే, ఎవరికీ ఇవ్వకుండా నేనే చింపేస్తే, పీడా పోతుందనిపించింది. అత్త తాళం తీసింది. జపమాల ఉంది, చిన్నాన్న కళ్ళజోడు ఉంది. కాగితం లేదు.

"ఏమైందత్తా?"

"నీకెందుకు? వాడి ఓటు వాడితోనే పోయింది" అని పెట్టె మూసేసింది. కాల్చేసిందనుకున్నాను. గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

*

పొద్దున్నే మా ఊరివాళ్ళం ఫాదర్ గుర్రం వెనక తొమ్మిది మైళ్ళు నడిచి బాలినార్డ్ చేరాం. సంతబజారులో చెక్కలతో కట్టిన ఓటు గదులు, వాటి ముందు పోలీసులు, పోలీసుల వెనక జనం. కర్నల్‌కి వేసినవాడు బయటికొస్తే జనం ఊళలు వేస్తున్నారు. ట్యూట్‌కి వేసినవాణ్ణి భుజాలకెత్తుకుంటున్నారు. ఎవరు ఎవరికి వేసిందీ నోటితో చెప్పాలి, గుమాస్తా రాసుకోవాలి, అందరూ వినాలి.

నేను ఓటెయ్యడానికి వెళ్ళలేదు. ఆ పేరు నాది కాదని రాయించి వచ్చేద్దామని వెళ్ళాను. కోల్మన్ నా ముందు వెళ్ళి ట్యూట్ పేరు గట్టిగా చెప్పాడు. తరవాత నేను గుమ్మంలోకి వెళ్ళాను.

"పేరు?"

"ఫెస్టస్ కిల్‌కెల్లీ, క్లూనాగ్. నేనొచ్చింది ఓటుకి కాదండి..."

గుమాస్తా వేలు పుస్తకంలో కిందికి జారి ఒకచోట ఆగింది. "నువ్వు ఓటేశావుగా. పది గంటలకి. కర్నల్ పాక్‌స్టన్‌కి."

చుట్టూ ఉన్న గోల ఒక్కసారి ఆగిపోయింది.

"నేనా? పది గంటలకి నేనింకా దారిలో ఉన్నానండి!"

"కాగితం చూపించాడు. ప్రమాణం చేశాడు."

"ఎలా ఉన్నాడు?"

"నీకన్నా కొంచెం పొడుగు. నీలాగా నసగలేదు."

"వాడు దొంగండి! ఆ పేరు నాది!"

గుమాస్తా కలం దించి నాకేసి చూశాడు. అతను చెడ్డవాడు కాదు, అలిసిపోయి ఉన్నాడు. "ఇదిగో చూడు. పుస్తకంలో ఉన్న ఫెస్టస్ నువ్వేనా?"

"కాదండి. ఆయన మా చిన్నాన్న, పోయాడు."

"అయితే నీ ఓటు ఎవడూ ఎత్తుకుపోలేదు. నీకసలు లేదు. ఒకవేళ నువ్వే అంటావా, ఓటు పడిపోయింది, రెండోసారి వేస్తే జైలు. ఏదంటావ్?"

పుస్తకం కేసి చూశాను. రెండు జవాబులూ నిజమే, రెంటికీ నాకు చోటు లేదు. వెనకనుంచి ఎవడో, "చిన్నాన్నట! కర్నల్ డబ్బు తిని చిన్నాన్న మీదికి తోస్తున్నాడు!" అని అరిచాడు. గుమ్మం దాటగానే ఒక రాయి చెవి పక్కన తగిలింది. టోపీ ఎవరో లాక్కున్నారు.

కోల్మన్ కనబడ్డాడు. "నేను కాదు కోల్మన్, నువ్వే చూశావుగా, నీతోనే నడిచొచ్చాను" అన్నాను.

"నడిచొచ్చావు. మైలురాయి దగ్గర కాలు నొప్పని వెనకబడ్డావు కూడా" అన్నాడు. "ఆ కాసేపు ఎక్కడున్నావో నాకు తెలీదు ఫెస్టస్. ఒట్టు, నాకు తెలీదు." అని తల తిప్పుకుని వెళ్ళిపోయాడు.

వెనకబడిన మాట నిజమే. చెప్పులో రాయి దూరితే ఒక రాతిగోడ మీద కూర్చున్నాను. బండ్లమీద వెళ్ళిన జనం నన్ను దాటిపోయారు. ఏదో ఒక బండెక్కితే మావాళ్ళకన్నా ముందే చేరేవాణ్ణి. ఎంతసేపు కూర్చున్నానని నన్ను నేను అడుగుతూ ఒంటరిగా ఇంటిదారి పట్టాను. సగం దారికి వచ్చేసరికి, ఏమో, నేనే వేశానా అన్నంత అయోమయం కమ్మింది.

*

ట్యూట్ గారే నెగ్గారు, ముప్పై ఏడు ఓట్ల తేడాతో. చిన్నాన్న ఓటు ఎటు పడినా ఒరిగేది ఏమీ లేదు. అయినా ఊరు మమ్మల్ని వెలేసింది. హొనోరా సంతకి వెన్న తీసుకెళ్ళి, ఎవరూ కొనక అలాగే తిరిగొచ్చింది. కమ్మరి మా గుర్రానికి నాడా వెయ్యనన్నాడు. ఆదివారం మేం కూర్చున్న బల్ల మీంచి మిగతావాళ్ళు లేచి వెనక్కి వెళ్ళారు.

దాని మీద ఇంకొకటి. వారం తిరక్కుండా గెల్‌స్టన్ బండి వచ్చి, బాగా ఎండిన నల్లగడ్డలు మా వాకిట్లో పోసి వెళ్ళింది. అవి దొరగారి సొంత కుప్పలోవి. వద్దని అరుస్తున్నా బండివాడు వినలేదు. "ఏజెంటుగారు పొయ్యమన్నారు, పోశాను. తీసుకుంటారో, పూజ చేస్తారో మీ ఇష్టం." అది ఊరంతా చూసింది. ఒక్క గడ్డయినా ముట్టొద్దన్నాను. వానలొచ్చి ఆ కుప్ప వాకిట్లోనే బురదయింది.

బార్లీ కోతకొచ్చింది. మా ఊళ్ళో కోతలు అందరూ కలిసి కోసుకుంటారు, ఇవాళ ఒకరి చేలో, రేపు ఇంకొకరి చేలో. మా చేలోకి ఎవరూ రాలేదు. నేనూ హొనోరా మూడు రోజులు కోసినా పావు వంతు కాలేదు. అత్త గుమ్మంలో కూర్చుని చూస్తూనే ఉంది. నా చెవి మీద ఎండిన గాయం కేసి చూసేది, ఏదో అనబోయేది, దగ్గేది.

ఆదివారం పూజ అయ్యాక జనం గుడి ఆవరణలో నిలబడి మాట్లాడుకుంటున్నారు. అత్త నా చెయ్యి వదిలించుకుని, సమాధుల గోడ దగ్గరున్న రాతి మెట్టు ఎక్కింది. డెబ్బయ్యారేళ్ళ మనిషి. నేను పట్టుకోబోతే కర్రతో అదిలించింది.

"ఓయ్, అందరూ ఇటు చూడండి!" అంది. "ఆ కాగితం నేనిచ్చాను. గెల్‌స్టన్‌కి. ఈ వెర్రిబాగులోడు చేలో ఉన్నప్పుడు వచ్చాడు. పోయినవాడి పేరు పుస్తకంలోంచి కొట్టేయిస్తాను, కాగితం ఇవ్వమ్మా అన్నాడు. ఇస్తే ఊళ్ళో ఎవరి గడ్డలూ ఆపనన్నాడు. ఇచ్చాను."

కోల్మన్ ముందుకొచ్చాడు. "కొట్టేయిస్తాడని నమ్మావా సబీనమ్మా?"

అత్త కర్ర మీద ఒరిగింది. "నమ్మాను. నమ్మలేదు కూడా. నా తమ్ముడు మట్టిలో ఉన్నాడు, వాడి పేరుతో ఎవడు ఏ ప్రమాణం చేస్తే వాడికేం తగులుతుంది అనుకున్నాను. వీడికి తగుల్తుందని తోచలేదు. ముసలిదాన్ని. ఎక్కడిదాకా తోచాలో అక్కడిదాకా తోచలేదు." కర్రతో జనం కేసి చూపించింది. "మీ గడ్డలు మీ ఇళ్ళకి చేరాయా, లేదా? చేరాయిగా? ఇంక చాలు. వాణ్ణొదిలెయ్యండి."

నేను అత్తని దింపి ఇంటికి తీసుకొచ్చాను. దారిలో కోపం తెచ్చుకోవాలని చూశాను. నా చేతి కింద ఆమె ఎముకలు పుల్లల్లా తగులుతుంటే రాలేదు. నాకెందుకు చెప్పలేదత్తా అన్నాను. "చెబితే నువ్వు వెళ్ళి గెల్‌స్టన్‌తో కలబడతావు. లేదంటే మళ్ళీ ఆలోచిస్తూ కూర్చుంటావు. రెండోదానికే భయపడ్డాను" అంది.

ఊరు ఆ మాటల్ని సగమే నమ్మింది. ముసలమ్మ మేనల్లుణ్ణి వెనకేసుకొస్తోందన్నారు కొందరు. సోమవారం పొద్దున మా చేలో కొడవలి చప్పుడైతే వెళ్ళి చూశాను. కోల్మన్ అవతలి మూల నుంచి కోసుకొస్తున్నాడు.

"నమ్మావా మరి?" అన్నాను.

"ఏమో. గింజ రాలిపోయేలా ఉంది, నువ్వటు పట్టు" అన్నాడు.

*

అక్టోబరులో మళ్ళీ కోర్టు పెట్టారు. ఈసారి నేను పేరు రాయించుకోవడానికి వెళ్ళలేదు. చిన్నాన్న పేరు తీసేయించడానికి వెళ్ళాను. జడ్జి కొత్తాయన, నిదానస్తుడు. నా మాట మొత్తం విన్నాడు.

"నీ బాధ అర్థమైంది. కానీ ఎక్కించమని అడిగేవాళ్ళ అర్జీలు వినడానికే నాకు అధికారం ఉంది. తీసెయ్యమని అడిగే అర్జీ చట్టంలో లేదు."

"ఆయన సమాధి చూపిస్తానండి. ఫాదర్ వచ్చి చెబుతారు."

"చనిపోలేదని నేననడం లేదయ్యా. గడువు తీరేదాకా పేరు ఉంటుందంటున్నాను."

"ఆ కాగితం గెల్‌స్టన్ గారి దగ్గరే ఉందండి. రేపు మళ్ళీ ఎన్నికలొస్తే?"

జడ్జి తన కాగితాలు సర్దుకున్నాడు. "రాకూడదని కోరుకుందాం" అన్నాడు. తరవాతి వాణ్ణి పిలిచారు.

కోర్టులో చెప్పిన మాట గెల్‌స్టన్ చెవిన పడకుండా ఉంటుందా? నవంబరులో కబురొచ్చింది. వచ్చే ఏడు నుంచి కిల్‌కెల్లీల ఇంటికి బీడులో చోటు లేదు. గుర్రానికి నాడా లేక మేం తోలుకోలేకపోయిన ఈ ఏటి కుప్ప కూడా అక్కడే ఉండిపోవాలి. మిగతా ఊరి జోలికి రాలేదు. ఆ ఒక్క విషయంలో అత్తకిచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. అది మంచితనమా, మమ్మల్ని ఊరి నుంచి విడదీసే ఎత్తా అని హొనోరాని అడిగాను. "నన్నడక్కు" అంది.

ఆ చలికాలం మొదట ముళ్ళకంప కొట్టి కాల్చాం. పొగకి అత్త దగ్గు ఎక్కువైంది. క్రిస్మస్ ముందు ఒక మధ్యాహ్నం కోల్మన్ వీపు మీద బుట్టతో వచ్చి, నల్లగడ్డలు పొయ్యి పక్కన పేర్చి, బుట్ట దులుపుకుని వెళ్ళాడు. రెండు రోజులాగి కమ్మరి ఇంకో బుట్ట పంపాడు. ఎవరూ క్షమించామని అనలేదు. మేమూ తప్పు చెయ్యలేదని మళ్ళీ చెప్పలేదు. అత్త మంట దగ్గరికి జరిగి చేతులు చాపింది. ఈ గడ్డలు ఏ ఇంటివని అడిగింది. చెప్పాను. బాగా ఎండాయంది.